నగర రవాణాపై పౌర సలహా సంఘం: సభ్యులుగా ఎవరుండాలి, మొదట ఏ పని చేపట్టాలి?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. నేను బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించి నాలుగేళ్లయింది. ప్రస్తుతం మా కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను. గత నెలలో నాలుగు కాలనీల వాళ్లం కలిసి, ఊరిలో రాకపోకల ఇబ్బందులన్నీ రాసిన వినతిపత్రం పట్టుకుని నగరపాలక సంస్థకు వెళ్లాము. అక్కడి అధికారి ఓపికగా విని, "విడివిడిగా వినతిపత్రాలు తెచ్చే బదులు మీరంతా ఒక సలహా సంఘంగా ఏర్పడి, ఎక్కడ ఏం చేయాలో క్రమంగా చెబితే మాకూ సులువుగా ఉంటుంది, సభ్యుల జాబితాతో ఒక ప్రతిపాదన ఇవ్వండి" అన్నారు. అది మర్యాదకు అన్న మాటో, మనస్ఫూర్తిగా అన్న మాటో చెప్పలేను గాని, మేము మాత్రం దానిని గట్టిగానే పట్టుకున్నాము.

మా ఊరు తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. 1856లో ఏర్పడిన ఇక్కడి పురపాలక సంఘం 2015లో నగరపాలక సంస్థ అయింది. 2010లో అప్పటి పాలకవర్గం గడువు ముగిసిన తరువాత ఎన్నికలు లేవు. 2021లో రాష్ట్రంలో చాలా పట్టణాలకు జరిగినప్పుడు కూడా ఇక్కడ జరగలేదు. అందువల్ల వీధిలో గొయ్యి పడితే వెళ్లి చెప్పుకోవడానికి మాకు కార్పొరేటరు లేడు. ఊరి మధ్యగా నాగావళి పారుతున్నందున ఈ ఒడ్డువారూ ఆ ఒడ్డువారూ వంతెనల దగ్గరే కలుసుకోవాలి. రైలు స్టేషను ఊళ్లో లేదు. శ్రీకాకుళం రోడ్ అనే పేరుతో ఆమదాలవలసలో ఉంది కాబట్టి రైలు దిగినవారెవరైనా బస్సో ఆటోనో ఎక్కితే తప్ప ఊరు చేరరు. జిల్లా నలుమూలల నుంచి రిమ్స్ ఆసుపత్రికీ, కలెక్టరు కార్యాలయానికీ, జి.టి. రోడ్డు దుకాణాలకూ వచ్చేవారంతా ఏడు రోడ్ల కూడలి, డే అండ్ నైట్ కూడలి, పాలకొండ రోడ్డు చుట్టూనే తిరుగుతారు. సంక్రాంతి ముందు వారం రోజులు జి.టి. రోడ్డులో నడిచినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

మేము వేసుకున్న ముసాయిదా జాబితాలో పదిహేను మంది ఉన్నారు: ఇద్దరు వైద్యులు, ఇద్దరు న్యాయవాదులు, ఇద్దరు విశ్రాంత ఇంజినీర్లు, నలుగురు కాలనీ సంఘాల కార్యదర్శులు, వ్యాపారుల తరఫున ఇద్దరు, ప్రైవేటు పాఠశాలల తరఫున ఇద్దరు, ఒక విశ్రాంత పోలీసు అధికారి. అడగదలచుకున్నది ఇది. ఈ కూర్పు సరైనదేనా? ఏ అధికారమూ లేని ఇలాంటి సంఘం ఇచ్చే సలహాకు విలువ రావాలంటే మొదట ఏం చేయాలి? ఇటువంటి పనిలో అనుభవం ఉన్నవారు, ముఖ్యంగా విజయనగరం వారు, దయచేసి వివరంగా రాయగలరు.

కంటోన్మెంటు పెద్దాయన (విజయనగరం)

నాగావళి గట్టు గారికి నమస్కారం. నేను ఉత్తరాంధ్రలోని రెండు మూడు పట్టణాలలో పట్టణ ప్రణాళికా విభాగంలో పనిచేసి విరమించినవాడిని. మీ జాబితా రెండుసార్లు చదివాను. అందరూ పెద్దమనుషులే, సందేహం లేదు. కాని ఆ పదిహేను మందిలో నిన్న బస్సెక్కినవారు ఎంతమంది? సర్వీసు ఆటోలో వెనక సీటులో నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చున్నవారు ఎవరైనా ఉన్నారా? జాబితాలో ఒక్క స్త్రీ అయినా ఉన్నట్టు మీరు రాయలేదు. కారులో వచ్చేవారు పదిహేను మంది కూర్చుని మాట్లాడితే మొదటి తీర్మానం పార్కింగు గురించే అవుతుంది. రెండవది తోపుడు బళ్లను తీసివేయమని అవుతుంది. ఇది నింద కాదు. ఎవరికి ఏది అడ్డం వస్తే వారికి అదే సమస్యగా కనిపిస్తుంది.

కూర్పుకు ఒక మంచి నమూనా చట్టంలోనే ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో ఏర్పడే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే, అదీ తమలో తాము ఎన్నుకున్నవారే ఉండాలి, వారిలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. అంటే, ఎవరి గురించి నిర్ణయం జరుగుతుందో వారు ఆ గదిలో కూర్చోవాలన్నది ఈ దేశపు శాసనం ఒప్పుకున్న సూత్రమే. మీ సంఘానికి ఆ చట్టం వర్తించదు గాని ఆ లెక్క వర్తింపజేసుకోవడానికి ఎవరూ అడ్డురారు. ఆటో నడిపేవారు, రోజూ ఆమదాలవలస నుంచో పొందూరు నుంచో వచ్చిపోయే ఉద్యోగి, కళాశాల విద్యార్థిని, చూపు లేదా నడక ఇబ్బంది ఉన్న ఒకరు, కూరగాయల బండి పెట్టుకునే ఒకరు, వీరిని ముందు రాసుకుని మిగిలిన చోట్లలో వైద్యులనూ న్యాయవాదులనూ రాయండి.

ఇక రెండవ ప్రశ్న. నేను పనిచేసిన ఒక ఊరిలో, పేరు చెప్పను, ఇటువంటి సంఘమే ఏర్పడింది. మొదటి సమావేశంలో నలభై కోరికలు రాసుకున్నారు. అందులో ఫ్లైఓవరు ఒకటి, రింగు రోడ్డు ఒకటి, ఎవరి ఇంటి ముందో వీధి దీపం ఒకటి. రెండవ సమావేశానికి సగం మంది వచ్చారు. మూడవ దానికి టీలు తెప్పించిన నేనూ, మా గుమాస్తా మిగిలాము. ఆ నలభై కోరికలలో ఒక్కదానికైనా ఇది ఏ శాఖ పరిధిలోనిదో వారు రాయలేదు, మేమూ అడగలేదు. అక్కడే అది చెడింది.

పట్టణంలో రోడ్డు చూడటానికి ఒకటే, యజమానులు మాత్రం చాలామంది. లోపలి వీధులు నగరపాలక సంస్థవి. ఊరి గుండా పోయే రాష్ట్ర రహదారులూ, జిల్లా ప్రధాన రహదారులూ రోడ్లు భవనాల శాఖవి. మీ సింహద్వారం దగ్గర కలిసే 16వ నంబరు జాతీయ రహదారి జాతీయ రహదారుల సంస్థది. బస్సు ఏ దారిన పోవాలో ఆర్టీసీ చూస్తుంది, ఆటోకు పర్మిటు రవాణా శాఖ ఇస్తుంది, కూడలిలో ఈల ఊదేది పోలీసు శాఖ. దారికి అడ్డంగా ఉన్న ఒక్క విద్యుత్ స్తంభాన్ని నాలుగడుగులు వెనక్కి జరపాలంటే విద్యుత్ పంపిణీ సంస్థ అంచనా వేయాలి, ఆ మొత్తాన్ని నగరపాలక సంస్థ కట్టాలి, తరువాత ఒకరోజు సరఫరా ఆపి పని చేయాలి. ఇది తెలియనివారు ఆ స్తంభం గురించి మూడేళ్లు కమిషనరుగారికే అర్జీలు పెడుతూ ఉంటారు. కాబట్టి మీ సంఘం చేయవలసిన మొదటి పని సలహా ఇవ్వడం కాదు; ఊరి పటం ఒకటి పెద్దది సంపాదించి, ప్రతి రోడ్డుకూ దాని యజమాని పేరు రంగు పెన్సిలుతో గుర్తు పెట్టుకోవడం.

తరువాత లెక్కించండి. ఒక్క కూడలి చాలు. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, పదిహేను నిమిషాలకొక గడి గీసుకుని, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు ఎన్ని ద్విచక్ర వాహనాలు, ఎన్ని ఆటోలు, ఎన్ని బస్సులు పోయాయో గీతలు గీసుకుంటూ పోవాలి. ఇంజినీర్లు వాహనాలను ఒకే కొలతకు తెచ్చేందుకు కారును 1గా పెట్టుకుంటారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో పట్టణ రోడ్లకు ఇచ్చిన మార్గదర్శకాలలో బస్సు విలువ 2.2 నుంచి 3.7 వరకు ఉంటుంది, ద్విచక్ర వాహనానిది 0.5 నుంచి 0.75 వరకు. ఆ లెక్కతో పాటు మీరు మరొక వరుస చేర్చండి: అందులో మనుషులు ఎంతమంది? మూడు కార్ల చోటు ఆక్రమించిన బస్సులో యాభై మంది ఉంటారు, ఆ మూడు కార్లలో నలుగురో అయిదుగురో ఉంటారు. 2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం కూడా రోడ్డు మీది చోటును వాహనాలకు కాక మనుషులకు పంచమనే చెప్పింది. మీ చేతిలో మీ ఊరి కాగితం ఉంటే ఆ మాటకు బలం వస్తుంది.

శాఖలు కలిసి కూర్చోవని అంటారు గాని, అది పూర్తిగా నిజం కాదు. మా ఊరిలో విజయదశమి వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ జాతరలో సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ ఒక్క రోజు కోసం పోలీసు, ఆర్టీసీ, విద్యుత్తు, రోడ్లు భవనాలు, నగరపాలక సంస్థ అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. బస్సులు ఎక్కడ ఆగాలో, బళ్లు ఎక్కడ పెట్టాలో, మూడు లాంతర్ల కూడలి వైపు ఎవరూ రాకుండా ఏ మలుపు దగ్గర ఆపాలో ముందే రాసుకుంటారు. మీకు అరసవల్లి రథసప్తమి ఉండనే ఉంది. ఆ రోజు వేసిన ప్రణాళిక కాగితాన్ని అడిగి తెచ్చుకుని చదవండి. మిగతా రోజులకు పనికివచ్చేవి అందులో చాలా దొరుకుతాయి.

బలగ అధ్యాపకురాలు

పెద్దాయన గారి మాటలకు నా వంతుగా ఒక చిన్న అనుభవం చేరుస్తాను. మా అత్తగారికి డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. నెలకొకసారి ఆసుపత్రికి తీసుకువెళ్తాను. ఆటో దిగిన చోటు నుంచి గేటు దాకా కాలువ మీద వేసిన సిమెంటు పలకలే మాకు కాలిబాట. ఆ పలకలను ఎత్తడానికి ఒక్కోదానికి రెండేసి ఇనుప కొక్కేలు పెడతారు. పలక వేశాక వాటిని వంచడమో కోయడమో చేయాలి, చేయలేదు. పోయిన నెలలో ఆవిడ చీర కుచ్చెళ్లు ఆ కొక్కేనికి తగులుకుని ముందుకు తూలిపడబోయారు. పక్కన పళ్లు అమ్మే ఆవిడ పట్టుకోబట్టి సరిపోయింది.

ఆ తరువాత ఆదివారం నేనూ మా రెండవ సంవత్సరం విద్యార్థినులు నలుగురూ కుట్టు టేపు పట్టుకుని అదే దారిలో నూరు అడుగులు కొలిచాము. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల సౌకర్యాలపై 2012లో ఇచ్చిన మార్గదర్శకాలలో కాలిబాట మీద అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలనీ, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదనీ ఉంది. మేము కొలిచిన చోట పలకల వెడల్పే 0.9 మీటరు. అందులో ఒకచోట దుకాణం మెట్లు, ఒకచోట ట్రాన్స్‌ఫార్మరు కంచె, ఒకచోట బండి స్టాండు వేసి పెట్టిన మోటారు సైకిళ్లు. నూరు అడుగులలో మేము ఏడుసార్లు రోడ్డు మీదికి దిగి మళ్లీ ఎక్కవలసి వచ్చింది. పైకి ఉన్న కొక్కేలు పద్దెనిమిది.

ఫ్లైఓవరు కంటె ముందు ఆ పద్దెనిమిది కొక్కేలు కోయించమని అడగవచ్చునని నా అభిప్రాయం. ఒక మనిషి, ఒక కోత యంత్రం, ఒక పూట పని. అది జరిగితే సంఘం మాటకు ఫలితం ఉందని జనం నమ్ముతారు. జరగకపోతే మీకు పెద్ద సలహాలు ఇచ్చే శ్రమ తప్పుతుంది.

కోర్టు వీధి (విజయనగరం)

న్యాయవాదిగా నాకు కొంత అనుమానం ఉంది, దాచకుండా రాస్తాను. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చినప్పుడు రాజ్యాంగంలో చేరిన 243ఎస్ అధికరణం వార్డు కమిటీలను 3 లక్షలూ అంతకు మించి జనాభా ఉన్న పట్టణాలకే తప్పనిసరి చేసింది. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం, విజయనగరం రెండూ దానికి లోపలే ఉన్నాయి. పన్నెండవ షెడ్యూలులో రోడ్లు, వంతెనలు, పార్కింగు స్థలాలు, బస్సు ఆగే చోట్లు పురపాలక సంస్థలకు అప్పగించదగిన విషయాలుగా ఉన్నాయి గాని, వాటిపై పౌరుల సలహా సంఘం ఉండాలని ఎక్కడా లేదు. కాబట్టి మీ సంఘం ఒక అధికారి మంచితనం మీద నిలబడుతుంది. ఆయన బదిలీ అయిన మరునాడు మీరు ఎవరు?

దీనికంటె మోటారు వాహనాల చట్టం 1988లోని 215వ సెక్షను కింద కలెక్టరు అధ్యక్షతన పనిచేసే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి మీ విషయాలు పంపడం మేలు. పోలీసు, రవాణా, రోడ్లు భవనాల శాఖలు అక్కడ ముందే కూర్చుని ఉంటాయి. ఆటో స్టాండు ఎక్కడ ఉండాలన్నది కూడా అదే చట్టంలోని 117వ సెక్షను విషయం. స్థానిక సంస్థను సంప్రదించి వాహనాలు నిలిపే చోట్లు నిర్ణయించవచ్చునని అందులో ఉంది.

అయినా సంఘమే పెట్టుకుంటామంటే రెండు జాగ్రత్తలు తీసుకోండి. ఒకటి, కమిషనరు సంతకంతో ప్రొసీడింగ్స్ (సంఘాన్ని ఏర్పాటు చేసే ఉత్తర్వు) లేకుండా ఒక్క సమావేశమైనా జరపవద్దు. రెండు, అవి వచ్చిన తరువాత సమాచార హక్కు చట్టం 2005లో 4వ సెక్షను చూడండి. తమకు సలహా ఇచ్చేందుకు ఏర్పడిన కమిటీల వివరాలనూ, వాటి సమావేశాలకు ప్రజలు రావచ్చునా, మినిట్స్ (సమావేశంలో జరిగినదాని రాతప్రతి) ప్రజలకు అందుబాటులో ఉంటాయా అన్న సంగతినీ ప్రతి ప్రభుత్వ సంస్థ తనంతట తాను ప్రకటించాలని అందులో ఉంది. నిర్ణయం వల్ల ప్రభావితులైనవారికి దాని కారణాలు చెప్పాలని కూడా ఉంది. అంటే మీ సలహాను తిరస్కరించే హక్కు వారికి ఉంది గాని, ఎందుకు తిరస్కరించారని అడిగితే మౌనంగా ఉండే హక్కు లేదు.

సర్వీసు ఆటో (శ్రీకాకుళం)

అయ్యలకూ అమ్మలకూ నమస్కారం. నేను ఇరవై రెండేళ్లుగా ఆటో నడుపుతున్నాను. నేను చెబుతూ ఉంటే డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి రాస్తోంది; తప్పులుంటే నావి, ఒప్పులుంటే దానివి.

కూడలిలో ఆటోలు అడ్డంగా ఆపుతారని అందరూ అంటారు. ఆపుతాం, కాదనను. ఎందుకు ఆపుతామో ఒకసారి వినండి. బస్సు దిగిన ప్రయాణికుడు సామాను పట్టుకుని ముప్పై అడుగులకు మించి నడవడు. కూడలికి యాభై గజాల అవతల తెల్లగీత గీసి ఇదే మీ స్టాండు అంటే, నేను బుద్ధిగా అక్కడికి పోయి సీరియల్‌లో, అంటే వరుసలో, నిలబడతాను. నా వెనక వచ్చినవాడు మలుపులోనే ఆపి నలుగురిని ఎక్కించుకుని పోతాడు. రెండు రోజులు చూసి మూడో రోజు నేనూ మలుపులోకి వస్తాను. గీత గీయడంతో అయిపోదు. బస్సు ఆగే చోటునూ ఆటో స్టాండునూ దగ్గరదగ్గరగా, ఒకటి దాటాక ఒకటి ఉండేలా పెడితే మాలో మేమే సీరియల్ నడుపుకుంటాం. సీరియల్ తప్పినవాడిని ఏం చేయాలో స్టాండువాళ్లకు తెలుసు, దానికి పోలీసు అక్కరలేదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం అయింది. మా ఇంట్లో ఆడవాళ్లూ బస్సులోనే పోతున్నారు, నేను కాదనను. కాని ఒక్కో ట్రిప్పుకు ఎక్కేవాళ్లు తగ్గాక, నిండే వరకూ ఆగే సమయం పెరిగింది. ముగ్గురితో బయలుదేరితే డీజిలు ఖర్చే వస్తుంది. అందుకని ఆగుతాం, ఆగినప్పుడు మా వెనక హారన్లు మోగుతాయి. రోడ్డు మీద మీకు కనిపించే ఆ పదినిమిషాల అడ్డం వెనక ఈ లెక్క ఉంది. ఆటో బస్సుతో పోటీ పడకుండా, బస్సు పోని కాలనీలకు బస్సు దిగిన చోటు నుంచి జనాన్ని చేరవేసేలా దారులు వేస్తే మాకూ బేరం ఉంటుంది. దీని గురించి మమ్మల్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

సంఘంలోకి రమ్మంటే వస్తాను. కాని సమావేశం ఉదయం పదకొండు గంటలకు పెట్టకండి. ఆ సమయం ఉద్యోగస్తులకు ఖాళీ, మాకు బేరం. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా అయితే స్టాండులో ఎలాగూ కునికిపాట్లే.

కోట జంక్షన్ నుంచి కాలిఫోర్నియా

పుట్టి పెరిగింది విజయనగరంలో, ఉంటున్నది కాలిఫోర్నియాలో. ఇక్కడ మా నగరంలో రవాణాపై ఉన్న పౌర సలహా సంఘంలో రెండేళ్లు సభ్యుడిగా పనిచేశాను కనుక రాస్తున్నాను. ఇక్కడి పద్ధతి అక్కడికి అతుకుతుందని నా ఉద్దేశం కాదు. అయినా కోర్టు వీధి గారి అనుమానానికి కొంత సమాధానం దొరుకుతుందేమో.

మా సంఘానికీ ఏ అధికారమూ లేదు. మేము సిఫారసు చేస్తాము, నగర సభ నిర్ణయిస్తుంది. అయినా మా మాట చెల్లుబాటు అయ్యేందుకు రెండు కారణాలు ఉన్నాయి. ఈ రాష్ట్రంలో బ్రౌన్ చట్టమని 1953 నుంచి ఒక చట్టం ఉంది. స్థానిక సంస్థల సమావేశాలు, వాటి సలహా సంఘాల సమావేశాలు బహిరంగంగా జరగాలి, మామూలు సమావేశపు కార్యక్రమ పత్రం 72 గంటల ముందు అందరికీ కనిపించేలా పెట్టాలి, అందులో లేని విషయంపై నిర్ణయం చేయరాదు. దీనివల్ల ఎవరి ఇంటి ముందో వీధి దీపం హఠాత్తుగా చర్చలోకి రాదు. రెండవ కారణం నాకు మొదట అర్థం కాలేదు, ఏడాది గడిచాక తెలిసింది. ఇంజినీర్లు ఏదైనా రోడ్డు నమూనా గీసేటప్పుడు అది ముప్పై శాతం పూర్తయిన దశలో ఉండగానే మా ముందుకు తెచ్చేవారు. అప్పటికి గీతలు పెన్సిలుతో ఉన్నట్టే లెక్క. పాదచారులు రోడ్డు దాటే చోటును ఇరవై అడుగులు ఇటు జరపండి అంటే జరిపేవారు. టెండరు పిలిచాక వచ్చిన సలహా ఎంత తెలివైనదైనా ఫైలులోకి పోవలసిందే. మీ ప్రొసీడింగ్స్‌లో ఈ ఒక్క వాక్యం చేర్పించుకోగలిగితే చాలు: అంచనాలు మంజూరుకు పంపే ముందు నమూనాను సంఘానికి చూపాలి.

ఇక్కడి లోపం కూడా చెప్పాలి. సాయంత్రం ఏడు గంటలకు సమావేశానికి రాగలిగేవారు సొంత ఇల్లూ తీరికా ఉన్నవారే. రెండేళ్లలో మా సంఘంలో రోజూ బస్సెక్కే సభ్యుడు ఒక్కరే ఉన్నారు, ఆయన కూడా నగర బస్సుకు టైము అయిపోతోందని మధ్యలో లేచి వెళ్లేవారు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయన గారు అడిగిన ప్రశ్నకు సమాధానం వెతికితే, మా పదిహేను మందిలో నిన్న బస్సెక్కినవారు ఎవరూ లేరని తేలింది. నేనే చివరిసారి ఊళ్లో బస్సు ఎప్పుడు ఎక్కానో గుర్తు రాలేదు. జాబితా చింపి మళ్లీ రాశాము. కాలనీ కార్యదర్శులు నలుగురి స్థానంలో ఇద్దరమే ఉంటాము. ఆ ఇద్దరిలో నేను ఉండాలా అన్నది ఇంకా తేలలేదు. వైద్యులు ఒకరు, న్యాయవాది ఒకరు, ఇంజినీరు ఒకరు. ఆటో స్టాండుల నుంచి ఇద్దరు, కూరగాయల మార్కెట్టు బళ్లవారి నుంచి ఒకరు, బలగ అధ్యాపకురాలు గారు ఒప్పుకుంటే వారూ, వారి విద్యార్థినులలో ఒకరూ, ఆమదాలవలస నుంచి రోజూ వచ్చే ఒక ఉద్యోగిని, చూపు లేని ఒక సంగీత ఉపాధ్యాయుడు. వ్యాపారుల తరఫున ఒక్కరే అన్నందుకు ఇప్పటికే ఒక అలక మొదలైంది. విశ్రాంత పోలీసు అధికారి గారు మాత్రం తాము సభ్యులుగా వద్దనీ, పిలిచినప్పుడు వచ్చి చెబుతామనీ అన్నారు.

కోర్టు వీధి గారూ, జిల్లా కమిటీకి పంపమన్న మీ మాట సబబే. కాని అక్కడికి ప్రమాదాలు జరిగిన చోట్లు వెళ్తాయి. ఎవరూ పడకముందే ఇనుప కొక్కెం సంగతి వెళ్లదేమోనని నా భయం. రెండు దారులూ వాడుకుంటాము. ప్రొసీడింగ్స్ ముసాయిదా రాసి పెట్టాము, అంచనాలకు ముందే నమూనా చూపాలన్న వాక్యంతో సహా. ఆ వాక్యం ఉంటుందో కొట్టివేస్తారో చూడాలి.

ప్రొసీడింగ్స్ వచ్చే వరకు సమావేశం జరపవద్దన్నారు కాబట్టి జరపము. లెక్కించడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు గదా. వచ్చే శనివారం ఉదయం 8 నుంచి 10 వరకు ఏడు రోడ్ల కూడలిలో లెక్క మొదలుపెడదామనుకుంటున్నాము. దారికి ఇద్దరు చొప్పున పద్నాలుగు మంది కావాలి. పదకొండు మంది కుదిరారు. పద్దెనిమిది కొక్కేల విషయం వేరే కాగితం మీద, అధ్యాపకురాలు గారి కొలతలు జతచేసి, నిన్ననే ఇచ్చి రసీదు తీసుకున్నాను.

సర్వీసు ఆటో (శ్రీకాకుళం)

శనివారం మా స్టాండు నుంచి ముగ్గురం వస్తాము, దానితో మీ పద్నాలుగు సరిపోతుంది. ఎనిమిదికి కాదు, ఏడున్నరకు మొదలుపెట్టండి. బడి ఆటోలు ఎనిమిదింటికల్లా సగం వెళ్లిపోతాయి, అవి మీ లెక్కలోకి రావు. పాలకొండ రోడ్డు వైపు నిలబడేవాళ్లకు ఒక మాట చెప్పండి. అక్కడ కాలువ మూత మీద పలక ఒకటి విరిగి ఉంది, పైన అట్టముక్క కప్పారు. చూడటానికి గట్టిగానే ఉన్నట్టు ఉంటుంది, కాలు వేయవద్దు.